పరిమిత ఖర్చుతో గుర్తుండిపోయే పెళ్లి: ప్రణాళిక, లెక్కలు, చట్టం

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న సామెత తెలుగు ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తోంది. రెండు పనుల్లోనూ అనుకున్న ఖర్చుకూ అయిన ఖర్చుకూ పొంతన కుదరదన్నది దాని సారం. ఇల్లు కట్టిన అప్పుకు కనీసం ఇల్లు మిగులుతుంది. పెళ్లికి చేసిన అప్పు మాత్రం పందిరి విప్పిన మరునాటి నుంచే వడ్డీతో మొదలవుతుంది.

గ్రామాల్లో ఇప్పటికీ చెలామణిలో ఉన్న 'నూటికి రెండు రూపాయల వడ్డీ' అంటే ఏడాదికి 24 శాతం. ఈ లెక్కన 3 లక్షల రూపాయలు అప్పు తెస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు తీర్చకుండా మూడేళ్లు గడిస్తే వడ్డీ రూపంలోనే 2,16,000 రూపాయలు చెల్లించినట్లవుతుంది. ఒక్క రోజు వేడుక కోసం కొత్త దంపతులో, వారి తల్లిదండ్రులో కొన్నేళ్ల సంపాదనను తాకట్టు పెట్టవలసి రావడమే ఇక్కడ అసలు సమస్య. ఈ పరిస్థితి రాకుండా, పెళ్లి కళ తగ్గకుండా ప్రణాళిక వేసుకోవడం ఎలాగో ఈ కథనం వివరిస్తుంది.

ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

తెలుగువారి సంప్రదాయ వివాహంలో ప్రధానమైన క్రతువును గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. జీలకర్ర, బెల్లం, పసుపు కొమ్ము, తలంబ్రాల బియ్యం, బాసికాలు, అడ్డుతెర, కొబ్బరి బోండాలు, మధుపర్కాలు, అగ్నిహోత్రానికి నెయ్యి, సమిధలు వంటివే దానికి కావలసిన సామగ్రి. మంగళసూత్రాన్ని పక్కన పెడితే వీటిలో ఖరీదైనది దాదాపు ఏదీ లేదు. అంటే పెళ్లిని పెళ్లిగా నిలబెట్టే భాగం చవకైనదే. ఖర్చంతా దాని చుట్టూ చేరినవాటిలో ఉంది.

ఆ చేరినవాటిలో మొదటిది అతిథుల సంఖ్య. భోజనం మొదలుకొని హాలు పరిమాణం, కుర్చీలు, విడిది గదులు, వాహనాలు, తాంబూలం సంచులు, రిటర్న్ గిఫ్టుల వరకు అన్నీ తలల లెక్కతోనే పెరుగుతాయి. రెండోది వేడుకల సంఖ్య. నిశ్చితార్థం, హల్దీ, మెహందీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్ అంటూ ఐదారు కార్యక్రమాలు విడివిడిగా జరిపితే ప్రతిదానికీ వేదిక, అలంకరణ, భోజనం, దుస్తులు, ఫొటోలు మళ్లీ మొదటికి వస్తాయి. మూడోది బంగారం. కాబట్టి పొదుపు అంటే పూలదండ దగ్గర వంద రూపాయలు బేరమాడటం కాదు. ఈ మూడు అంశాలపై ముందుగానే నిర్ణయం తీసుకోవడమే అసలైన పొదుపు.

ముందుగా తేల్చుకోవలసిన మూడు అంకెలు

మొదటి అంకె: అప్పు లేకుండా రెండు కుటుంబాలు కలిసి పెట్టగలిగే మొత్తం. ఇందులో చేతిలో ఉన్న పొదుపునే లెక్కించాలి. చదివింపులుగా వస్తాయనుకునే సొమ్మును, అందుతుందని ఆశిస్తున్న ప్రభుత్వ సాయాన్ని ఇందులో కలపకూడదు. చదివింపుల పుస్తకంలో రాసిన ప్రతి పైకమూ ఎప్పుడో ఒకప్పుడు ఎదుటివారి శుభకార్యానికి తిరిగి ఇవ్వవలసినదే. దాన్ని ఆదాయంగా చూడటం కంటే చేబదులుగా చూడటం మేలు.

రెండో అంకె: అతిథుల సంఖ్య. మూడో అంకె: ఎన్ని పూటల భోజనం, ఎన్ని వేడుకలు అన్నది. ఈ మూడూ కాగితం మీద పడకముందే హాలుకు బయానా ఇవ్వడం చాలా ఇళ్లలో జరిగే తొలి పొరపాటు. వెయ్యి మంది పట్టే హాలు తీసుకున్నాక వంద మందినే పిలవడానికి ఎవరికీ మనసొప్పదు.

వియ్యాలవారి మధ్య ఈ సంభాషణ తొలి సమావేశంలోనే జరగాలి. 'బావగారూ, మా వైపు నుంచి ఇంత పెట్టగలం. ఇంతకు మించి చేస్తే అప్పే. పిల్లలకు ఆ భారం వద్దనుకుంటున్నాం' అని నేరుగా చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. తాంబూలాలు పుచ్చుకున్నాక తలెత్తే భేదాభిప్రాయాల కంటే ముందుగా చెప్పిన మాట మర్యాదగా ఉంటుంది. ఖర్చు మొత్తం ఆడపిల్ల వారిదే అన్న ఆనవాయితీని కూడా ఈ సందర్భంలోనే పునరాలోచించవచ్చు. నేడు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్న చాలా జంటలు ఖర్చును చెరిసగం పంచుకుంటున్నాయి.

జాబితా రాసే పద్ధతి

పిలుపుల జాబితాను కార్డుల లెక్కన కాకుండా మనుషుల లెక్కన రాయాలి. 40 కుటుంబాలకు శుభలేఖలు ఇస్తే, ఇంటికి నలుగురు చొప్పున 160 మంది అవుతారు. పేర్లను మూడు వరుసలుగా విభజించుకోవచ్చు. వారు లేకుండా పెళ్లి జరగదనుకునేవారు మొదటి వరుస. గత ఏడాది కాలంలో రాకపోకలు ఉన్న బంధుమిత్రులు రెండో వరుస. కేవలం మొహమాటం కొద్దీ పిలవవలసిన వారు మూడో వరుస. మొదటి రెండు వరుసలతో ఆగిపోయి, మూడో వరుస వారికి పెళ్లి తర్వాత కబురు చెప్పి మిఠాయి పంపడం చాలామందికి ఆమోదయోగ్యమైన మార్గం.

పెద్దలకు పసుపు అద్దిన శుభలేఖ స్వయంగా అందించడం మన మర్యాద. అందుకు కొద్ది కార్డులు అచ్చు వేయించి, మిగిలినవారికి ఫోన్‌లో మాట్లాడి వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది. పెళ్లి పిలుపు పేరుతో ఏపీకే ఫైళ్లు పంపి మోసగిస్తున్న సైబర్ నేరాలపై పోలీసులు హెచ్చరించారు. కనుక ఆహ్వానాన్ని బొమ్మగానో పీడీఎఫ్‌గానో మాత్రమే పంపాలి.

ఒక నమూనా లెక్క

కింది లెక్క 150 మంది అతిథులు, ఒకే రోజు పెళ్లి, 3 లక్షల రూపాయల పరిమితి అన్న ఊహతో వేసినది. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. ఇక్కడ చూడవలసింది అంకెల కంటే వాటి మధ్య ఉన్న నిష్పత్తిని. బంగారం ధర రోజూ మారుతుంది కనుక దాన్ని ఇందులో కలపలేదు.

- వేదిక అద్దె, కరెంటు, శుభ్రత: 40,000
- భోజనం (150 మందికి, విస్తరికి 300 చొప్పున): 45,000
- ఉదయం టిఫిన్ (60 మందికి, 100 చొప్పున): 6,000
- వధూవరుల దుస్తులు, దగ్గరి బంధువులకు పెట్టుబడి బట్టలు: 50,000
- పురోహితులు, పూజాసామగ్రి: 15,000
- సన్నాయి మేళం: 15,000
- మండపం, పూలు, తోరణాలు: 30,000
- ఫొటోలు, వీడియో: 30,000
- ప్రయాణాలు, విడిది: 20,000
- శుభలేఖలు, రిజిస్ట్రేషన్, చిల్లర ఖర్చులు: 9,000

ఇంతవరకు మొత్తం 2,60,000 రూపాయలు. మిగిలిన 40,000 రూపాయలను ఎవరికీ చెప్పకుండా పక్కన ఉంచాలి. పెళ్లిలో చివరి మూడు రోజుల్లో వచ్చిపడే ఖర్చులన్నీ ఈ నిల్వలోంచే పోతాయి. ఇదే లెక్కలో అతిథుల సంఖ్య 150 నుంచి 400కు పెరిగితే, ఒక్క భోజనం దగ్గరే మరో 75,000 రూపాయలు కావాలి. అంటే నిల్వ మొత్తం పోయి, ఇంకా 35,000 రూపాయల లోటు ఏర్పడుతుంది. హాలు, కుర్చీలు, తాంబూలాల పెరుగుదల దీనికి అదనం.

ముహూర్తం, వేదిక

ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి మాసాల్లోనూ, గురు, శుక్ర మౌఢ్యాల కాలంలోనూ సాధారణంగా ముహూర్తాలు పెట్టరు. అందువల్ల మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వంటి మాసాల్లోని కొద్ది తేదీలపైనే అందరి దృష్టి ఉంటుంది. ఆ రోజుల్లో హాలు, పురోహితుడు, వంటవారు, ఫొటోగ్రాఫరు అందరూ ఎక్కువ ధర అడుగుతారు. పురోహితుడిని ఒకే తేదీ కాకుండా మూడు నాలుగు తేదీలు అడిగి, వారం మధ్యలో పడే ముహూర్తాన్ని ఎంచుకుంటే బేరానికి వీలుంటుంది. పగటి ముహూర్తమైతే విద్యుద్దీపాల ఖర్చు, రాత్రి బస ఖర్చు తగ్గుతాయి.

వేదిక విషయంలో సొంత ఇంటి ముందు పందిరి, ఆలయ ప్రాంగణం, కమ్యూనిటీ హాలు, కుల లేదా ఉద్యోగ సంఘాల కళ్యాణ మండపాలు అందుబాటు ధరలో ఉంటాయి. హాలు మాట్లాడేటప్పుడు అద్దెతో పాటు జనరేటర్ డీజిల్, కరెంటు, శుభ్రత, గ్యాస్, వంట పాత్రల రుసుములు విడిగా ఉన్నాయా, చెప్పిన ధరలో జీఎస్టీ కలిసి ఉందా, బయటి వంటవారిని అనుమతిస్తారా, తేదీ మారితే బయానా తిరిగి ఇస్తారా అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లపై నిషేధం ఉంది. డీజే పేరిట పెట్టే ఖర్చును నిర్ణయించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిరుమలలోని పాపవినాశనం మార్గంలో ఉన్న కళ్యాణ వేదికలో తిరుమల తిరుపతి దేవస్థానం 2016 నుంచి ఉచితంగా వివాహాలు జరిపిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు, కుంకుమ, కంకణాలు దేవస్థానమే సమకూరుస్తుంది. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని, వయసు ధ్రువపత్రాలు సమర్పించాలి. అన్నవరం సత్యనారాయణ స్వామి సన్నిధి కూడా ఉభయ గోదావరి, విశాఖ ప్రాంతాల వారికి చిరకాలంగా పెళ్లిళ్ల వేదికే. ఆలయ వివాహంలో మండపం ఖర్చు తగ్గడంతో పాటు, అతిథుల సంఖ్యను పరిమితం చేసుకోవడానికి అందరూ ఒప్పుకునే కారణం దొరుకుతుంది.

భోజనాల దగ్గర

క్యాటరింగ్‌కు పూర్తిగా అప్పగించడం ఒక పద్ధతి. సరుకులు మనమే కొని, వంట మాస్టారుకు కూలి మాట్లాడుకోవడం మరో పద్ధతి. రెండోదాంట్లో ఖర్చు తగ్గే అవకాశం ఉన్నా, సరుకుల చిట్టా సరిచూసి, వంటశాల దగ్గర నిలబడే నమ్మకమైన మనిషి ఉండాలి. అటువంటివారు లేనప్పుడు ఆదా అయిన సొమ్ము వృథా రూపంలో పోతుంది.

ముప్పై రకాల వంటకాలు పెట్టిన విందులో విస్తట్లో మిగిలేదే ఎక్కువ. ముద్దపప్పు, గుత్తి వంకాయ, పులిహోర, గోంగూర పచ్చడి, సాంబారు, అప్పడం, గడ్డ పెరుగు, బూరెలు వంటి పది పన్నెండు పదార్థాలను వేడివేడిగా, కొసరి కొసరి వడ్డిస్తే అతిథి తృప్తిగా లేస్తాడు. బంతి భోజనంలో వృథా తక్కువ. వడ్డన మనుషుల కూలి మాత్రం లెక్కలో ఉంచుకోవాలి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. అరటి ఆకు, మోదుగ విస్తరి, వక్క పట్టల పళ్లేలు చట్టానికీ సంప్రదాయానికీ కూడా అనుకూలమే.

బంగారం, దుస్తులు

22 క్యారెట్ల నగలో 91.6 శాతం, 18 క్యారెట్ల నగలో 75 శాతం బంగారం ఉంటుంది. నగ ధరలో బంగారం విలువతో పాటు తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలుస్తాయి. నగ పనితనం పెరిగేకొద్దీ తరుగు, మజూరీ పెరుగుతాయి. అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. కాబట్టి పరిమిత సొమ్ముతో కొనేవారు సాదా నగలు ఎంచుకోవడం లాభసాటి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ సంఖ్య తప్పనిసరి. బిల్లు లేకుండా ఇస్తే ధర తగ్గిస్తామన్న మాట నమ్మవద్దు. అమ్మమ్మ నాటి నగను మెరుగు పెట్టించి వధువుకు పెట్టడంలో ఆదా ఉంది, అనుబంధమూ ఉంది.

అమ్మ పెళ్లి పట్టుచీరకు కొత్త అంచు వేయించడం, ఒక్కసారి మాత్రమే ధరించే రిసెప్షన్ దుస్తులను అద్దెకు తీసుకోవడం, పోచంపల్లి, ధర్మవరం, గద్వాల, ఉప్పాడ వంటి చోట్ల చేనేత సహకార సంఘాల దగ్గర నేరుగా కొనడం పరిశీలించదగిన మార్గాలు. పెట్టుబడి బట్టల జాబితాకు మాత్రం రెండు కుటుంబాలూ కలిసి ఒక హద్దు పెట్టుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

వధువుకు 18 ఏళ్లు, వరుడికి 21 ఏళ్లు నిండి ఉండాలి. హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 7 ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం క్రతువు జరగాలి. సప్తపది ఆ ఆచారంలో భాగమైతే ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. అతిథుల సంఖ్యకు, విందుకు చట్టంలో స్థానమే లేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో దీన్ని స్పష్టం చేసింది. విధిగా జరగవలసిన క్రతువు జరగకుండా కేవలం ధ్రువపత్రం తీసుకుంటే అది హిందూ వివాహం కాదని, అలాగే వివాహమంటే ఆటపాటలు, విందు వినోదాల కార్యక్రమం కాదని వ్యాఖ్యానించింది.

క్రతువు అక్కరలేదనుకునేవారికి ప్రత్యేక వివాహ చట్టం, 1954 ఉంది. మతాలు వేరైనా దీని కింద వివాహం చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల సమక్షంలో వివాహం జరుగుతుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా వివాహం జరగకపోతే మళ్లీ నోటీసు ఇవ్వాలి. తమిళనాడులో స్థిరపడిన తెలుగువారికి మరో అవకాశం ఉంది. హిందూ వివాహ చట్టానికి ఆ రాష్ట్రం 1967లో చేసిన సవరణ పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు గుర్తింపునిచ్చింది.

ఏ పద్ధతిలో జరిగినా రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా చేయించుకోవాలి. వివాహాల నమోదును తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే, 2002లో, దీనిపై చట్టం వచ్చింది. పాస్‌పోర్టు, వీసా, బీమా, ప్రభుత్వ సాయం వంటి అవసరాలకు ఈ పత్రమే ఆధారం.

వరకట్న నిషేధ చట్టం, 1961 ప్రకారం కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. కనీస శిక్ష ఐదేళ్ల జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత జరిమానా. అడగకుండా ఆనవాయితీగా ఇచ్చే కానుకలను మినహాయించినా, 1985 నాటి నిబంధనల ప్రకారం వాటి జాబితా రాసి ఉంచాలి. పెళ్లి ఎంత నిరాడంబరంగా జరిగినా, తెర వెనుక కట్నం చేతులు మారితే పొదుపు అన్న మాటకు అర్థం ఉండదు.

ప్రభుత్వ సాయం, సామూహిక వివాహాలు

తెలంగాణలో కల్యాణ లక్ష్మి పథకం 2014 అక్టోబరు 2న మొదలైంది. మైనారిటీలకు ఇదే తరహాలో షాదీ ముబారక్ అమలవుతోంది. తొలుత 51,000 రూపాయలుగా ఉన్న సాయం 2018లో 1,00,116 రూపాయలకు చేరింది. అర్హతకు ఆదాయ పరిమితి ఉంది, వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలి. పరిశీలన పూర్తయ్యాకే చెక్కు అందుతుంది కనుక పెళ్లి నాటి చెల్లింపులకు దీన్ని నమ్ముకోకూడదు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు సామూహిక వివాహాల ద్వారా పేద కుటుంబాలకు సాయం అందిస్తున్నాయి. కర్ణాటకలోని ధర్మస్థల క్షేత్రంలో 1972 నుంచి సామూహిక వివాహాలు జరుగుతున్నాయి.

హద్దులు పెట్టే ప్రయత్నాలు

పెళ్లి ఖర్చు ఒక్క తెలుగు ప్రాంతాల సమస్యే కాదు. పొరుగున ఉన్న పాకిస్థాన్‌లోని పంజాబ్ రాష్ట్రం పెళ్లి విందులో ఒకే ప్రధాన వంటకం ఉండాలన్న చట్టాన్ని అమలు చేస్తోంది. జమ్ముకశ్మీర్ ప్రభుత్వం 2017లో కుమార్తె పెళ్లికి 500 మంది, కుమారుడి పెళ్లికి 400 మంది అతిథులను గరిష్ఠ పరిమితిగా ప్రకటించింది. 5 లక్షల రూపాయలు దాటి పెళ్లికి ఖర్చు చేసేవారు అందులో 10 శాతాన్ని పేద యువతుల వివాహాలకు ఇవ్వాలంటూ అదే కాలంలో లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు వచ్చింది. అది చట్టం కాలేదు. చట్టాల కంటే ఇరుగుపొరుగును చూసి కలిగే పోటీ బలమైనదని ఈ అనుభవాలు సూచిస్తున్నాయి.

తెలుగునాట నిరాడంబర వివాహానికి గౌరవప్రదమైన చరిత్ర ఉంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు చర్చకు వచ్చింది ఆడంబరం కాదు, ఆశయం. త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి' రచించి, పెళ్లి తంతును అందరికీ అర్థమయ్యే తెలుగులోకి తెచ్చారు. గోపరాజు రామచంద్రరావు (గోరా) తన కుమార్తెకు 1948లో సేవాగ్రామ్‌లో కులాంతర వివాహం జరిపించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పూలదండలు మార్చుకుని, పెద్దల ప్రసంగాలతో ముగిసే ఆదర్శ వివాహాలు అనేక ఊళ్లలో జరిగాయి.

గుర్తుండిపోయేది ఏది?

పదేళ్ల తర్వాత పెళ్లికి వెళ్లినవారిని అడిగితే వేదిక వెనుక పూల రంగు చెప్పగలిగేవారు అరుదు. తలంబ్రాల పోటీలో ఎవరు గెలిచారో, అప్పగింతల వేళ ఎవరు కంటతడి పెట్టారో, ఏ పిన్నిగారు ఏ పాట పాడారో గుర్తుంటుంది. ఇవేవీ కొనవలసినవి కావు. పురోహితుడిని ప్రతి ఘట్టానికీ ఒక్క వాక్యంలో అర్థం చెప్పమని కోరడం, ఇంటి ఆడవారితో పెళ్లి పాటలు పాడించడం, వధూవరులు ప్రతి విస్తరి దగ్గరకూ వెళ్లి పలకరించడం, పెద్దవారి ఆశీర్వచనాలను ఒక పుస్తకంలో రాయించి దాచుకోవడం వంటివి పెద్ద ఖర్చు లేకుండా పెళ్లికి ప్రత్యేకతనిస్తాయి. 150 మంది ఉన్న పందిట్లో ఇవి సాధ్యం. రెండు వేల మంది వరుసలో నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయే చోట ఇవి సాధ్యం కావు.

పెళ్లి జరిగిన వారంలోగా రెండు కుటుంబాలూ కూర్చుని, అందరి బకాయిలూ చెల్లించి, ఖర్చు పుస్తకం మూసివేయాలి. ఆ పుస్తకంలో చివరి పేజీ అప్పుల జాబితా కాకుండా ఉంటే, కొత్త దంపతులకు పెద్దలు ఇవ్వగలిగిన కానుకల్లో అంతకు మించినది ఉండదు.